రిజిస్ట్రారు కచేరి ఇండెక్సు నుంచి కంప్యూటరు ఇండెక్సు దాకా

ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు నాలుగు ముక్కలు వ్రాసి ఇవ్వాలని మన కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఇరిగేషను మిత్రులకు ఆనకట్ట ఉన్నది, రెవెన్యూ వారికి తుపాను డ్యూటీలు, ఎన్నికలు ఉన్నాయి. రిజిస్ట్రేషను శాఖలో గుమస్తాగా 1974లో చేరి 2008లో రిటైరైన నాకు చెప్పుకోవడానికి ఉన్నదల్లా ఇండెక్సు ఒక్కటే. అది కూడా ఒక కథేనా అని మీరు అనవచ్చు. మొన్న సంక్రాంతికి మా మనవడు వచ్చి ఉండకపోతే నేనూ అలాగే అనుకునేవాడిని.

సంఘం ఆఫీసులోని కంప్యూటరులో పింఛనుదారుల కోసం తయారుచేసిన సహాయ పేజీలు ఒక ఫోల్డరులో ఉన్న సంగతి సభ్యులకు తెలుసు. జీవన ప్రమాణం ఎలా ఇవ్వాలి, కుటుంబ పింఛనుకు ఏ ఫారాలు కావాలి, కమ్యుటేషను, హెల్త్ కార్డు, నామినేషను, ఇలా ఒక్కో సంగతికి ఒక్కో పేజీ. నూట నలభై దాకా పోగయ్యాయి. ఏది ఎక్కడున్నదో వాటిని వ్రాసిన వాళ్లకే తెలియని స్థితి. మా వాడు ఆ ఫోల్డరును ఒక ప్రోగ్రాముకు అప్పజెప్పి కాఫీ తాగి వచ్చేసరికి, అన్ని పేజీల్లోని మాటలన్నీ అక్షరక్రమంలో, ఏ మాట ఏ పేజీలో ఉన్నదో నంబర్లతో సహా తెర మీద బారులు తీరి ఉన్నాయి.

"తాతయ్యా, ఇదేమిటో చెప్పుకో" అన్నాడు.

"ఇండెక్సు" అన్నాను. "దీన్ని చేత్తో వ్రాసినందుకే నాకు జీతమిచ్చారు."

మన దేశంలో దస్తావేజులను రిజిస్టరు చేసే పద్ధతి ఒక కట్టుదిట్టానికి వచ్చింది 1864 నాటి చట్టంతో. ఆ సంవత్సరమే నవంబరు 1న బందరును ఉప్పెన ముంచెత్తి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నది. కాగితం ఇంట్లో ఉంటే నీళ్లపాలు, కచేరిలో ఒక నకలుంటే కొంత నయం అని మన వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. తరువాత చట్టాలు మారి మారి, 1908 నాటి 16వ నంబరు చట్టం వచ్చింది. నేను పనిచేసినదంతా దాని కిందనే.

ఆ చట్టం ప్రకారం దస్తావేజు మొత్తాన్ని పుస్తకంలోకి నకలు దించాలి. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోకి, వీలునామాలు 3వ పుస్తకంలోకి, మిగతా వ్యవహారాలు 4వ పుస్తకంలోకి. నకలు వచ్చిన వరసలోనే పడుతుంది. ఇవాళ 412వ నంబరు ఘంటసాల పొలమైతే 413 బందరు ఇల్లు కావచ్చు. వరసలో పడ్డదాన్ని వెదికి పట్టుకోవాలంటే ఇండెక్సు కావాలి. అందుకే 54వ సెక్షను నకలు పూర్తికాగానే, వీలైనంతవరకు వెంటనే, ఇండెక్సు వ్రాయమన్నది. 55వ సెక్షను నాలుగు ఇండెక్సులు పెట్టమన్నది. మొదటిది మనుషుల పేర్లది, అంటే వ్రాసి ఇచ్చినవారు, వ్రాయించుకున్నవారు. రెండోది ఆస్తిది: ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు. మూడోది వీలునామాలది. దీనిలో ఒక నియమం ఉన్నది. వీలునామా వ్రాసినవాని పేరు వెంటనే ఎక్కించాలి గాని, దాని వల్ల ఆస్తి పొందేవారి పేర్లు అతను కన్నుమూసిన తరువాతనే ఎక్కించాలి, అంతకు ముందు కాదు. చట్టం చేసినవాడెవడో గాని ఉమ్మడి కుటుంబాల సంగతి ఎరిగినవాడే. నాలుగోది 4వ పుస్తకానికి.

1వ పుస్తకాన్ని, దాని ఇండెక్సులను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు తీసుకున్న ఈ.సి. ఆ ఇండెక్సుల్లోంచి పుట్టిందే. దస్తావేజులన్నీ తిరగేసి ఎవరూ ఈ.సి. ఇవ్వలేరు. ఇండెక్సులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే "నిల్".

రెవెన్యూ మిత్రులు తమకు ఇండెక్సు లేదా అని కోప్పడకుండా ఒక మాట. మద్రాసు రాష్ట్రం నాటి టాటెన్‌హామ్ పద్ధతి, డిస్ట్రిక్టు ఆఫీసు మాన్యువలు మన కలెక్టరాఫీసులకు వారసత్వంగా వచ్చాయి. శాశ్వతంగా దాచవలసిన ఫైలుకు ఆర్.డిస్., పదేళ్లు ఉంచేదానికి డి.డిస్., తిప్పి పంపేదానికి ఎన్.డిస్. అన్న ముద్రలు మనకు నిద్రలో కూడా వస్తాయి. ఫైలు మీద విషయం వ్రాసే తీరు చూడండి: "ఎస్టాబ్లిష్‌మెంటు – సెలవు – ఫలానా గుమస్తా – ఆర్జిత సెలవు మంజూరు – ఉత్తర్వులు – గురించి". పెద్ద తల ముందు, చిన్న తల తరువాత. బయటివాళ్లు దాన్ని చూసి నవ్వుతారు. కాని అది వాక్యం కాదు, రికార్డు గదిలో ఫైలు ఏ అరలో దొరకాలో ముందే వ్రాసిపెట్టిన చిరునామా. తల తప్పు పెడితే ఫైలు ఉన్నా లేనట్టే.

తల ఏది పెట్టాలన్నది నాకు బోధపడింది 1978లో. దివిసీమ అంచున ఒక చిన్న కచేరిలో ఉన్నాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పోయి నాలుగైదు నెలలైంది. మా రికార్డు గదిలో కింది అరల్లోని పుస్తకాలు తడిస్తే, ఆకు ఆకుకూ మధ్య కాగితాలు పెట్టి ఎండబెట్టి కాపాడుకున్నాం. రోజూ ఎవరో ఒకరు నకళ్ల కోసం వచ్చేవారు. ఇల్లు పోయింది, పెట్టె పోయింది, పొలం మాత్రం ఉప్పుదేలి అక్కడే ఉన్నది. బ్యాంకులో అప్పు పుట్టాలంటే దస్తావేజు కావాలి.

ఒక రోజు ఒకామె పదేళ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. భర్త ఉప్పెనలో పోయాడు. ఆయన కొన్న పొలం దస్తావేజు నకలు కావాలి.

"మీవారి పేరేమిటమ్మా?" అని అడిగాను.

ఆమె మాట్లాడలేదు. భర్త పేరు పలికే అలవాటు లేదు, పోయాక కూడా నోరు రావడం లేదు. కొడుకు వైపు చూసింది. వాడు చెప్పిన పేరు ఊళ్లో పిలిచే పేరు. పెద్దవాడికి చిన్నవాడు, నల్లవాడికి తెల్లవాడు అని పెట్టుకుంటారే, అటువంటిది. మొదటి ఇండెక్సులో ఆ పేరుతో ఏ సంవత్సరంలోనూ ఎవరూ లేరు. అసలు పేరు తెలిసిన పెద్దలు ఆ ఇంట్లో మిగల్లేదు. కరణంగారికి చీటీ వ్రాద్దామంటే ఆయన దప్తరం కూడా నీళ్లలో పోయింది.

"బాబూ, పొలం మాత్రం ఎక్కడున్నదో చెప్పగలను" అన్నదామె. తూర్పున మురుగు కాలువ, పడమర దేవుడి మాన్యం, ఉత్తరాన పుంత. వేలితో బల్ల మీద గీసి చూపించింది. రెండో ఇండెక్సు తీశాను. ఆ ఊరి పద్దు కింద ఒక్కొక్క సంవత్సరం వెనక్కి పోతూ రెండు మధ్యాహ్నాలు చూశాను. 1969లో దొరికింది. హద్దులు ఆమె చెప్పినట్టే ఉన్నాయి. ఆయన అసలు పేరు అందులో ఉన్నది. కొడుకు చేత చదివించాను. తండ్రి పూర్తి పేరు వాడు చదవడం అదే మొదటిసారట.

ఆ దస్తావేజును ఇండెక్సు చేసిన గుమస్తా ఎవరో నాకు తెలియదు. సర్వే నంబరు ఒక్కటి వేసి ఊరుకోకుండా హద్దులు కూడా ఓపికగా వ్రాశాడు. చల్లపల్లి వైపు జమీందారీ గ్రామాల పాత దస్తావేజుల్లో జనం పొలాన్ని గుర్తుపట్టేది హద్దులతోనే గాని నంబరుతో కాదని ఎరిగినవాడై ఉంటాడు.

ఇక నా సంగతి. అందరూ తమ ఘనతలే వ్రాస్తే సంచిక నిండదు గనుక ఇది కూడా చెబుతున్నాను. 1984లో, మరొక కచేరిలో, ఒక తాకట్టు దస్తావేజు నా చేతిమీదుగా ఇండెక్సుకు వచ్చింది. ఆస్తి రెండు గ్రామాల్లో ఉన్నది. రెండో ఇండెక్సులో రెండు ఊళ్ల కిందా పద్దు వేయాలి. నేను మొదటి ఊరి కింద వేసి, ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, తిరిగి వచ్చి తరువాతి దస్తావేజు అందుకున్నాను. రెండేళ్ల తరువాత రెండో ఊళ్లోని ఆ ఎకరంన్నరకు ఒకాయన ఈ.సి. అడిగాడు. నిల్ అని ఇచ్చాము. ఆయన నేతపని చేసుకునే మనిషి. కూడబెట్టిన డబ్బంతా పోసి కొన్నాడు. తాకట్టు పట్టినాయన నోటీసు ఇచ్చాక గాని సంగతి బయటపడలేదు. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ వ్రాశాను, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆయన మాత్రం భార్య గాజులు అమ్మి అసలు, వడ్డీ కట్టి పొలం విడిపించుకున్నాడు. కచేరికి వచ్చినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరైనా ఏం చేస్తారు లెండి, పుస్తకంలో లేనిది" అన్నాడు. పుస్తకంలో లేకపోవడానికి కారణం నేనేనని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

విడిచిపోయిన పద్దును 1987లో ఎర్ర సిరాతో మార్జినులో ఎక్కించాను. గీతల మధ్య చోటు లేదు మరి.

తరువాత కార్డ్ వచ్చింది. రిజిస్ట్రేషను శాఖలో ఈ పేరు తెలియనివారు లేరు. 1996లో ప్రయోగంగా మొదలై, 1998 నవంబరు 4న రాష్ట్రంలో రెండు వందలకు పైగా సబ్‌రిజిస్ట్రారు కచేరీల్లో ఒకేసారి అమలులోకి వచ్చింది. అప్పటి ఇన్‌స్పెక్టర్ జనరల్ జె. సత్యనారాయణగారు, జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం వారు దాన్ని నడిపించారు. చేత్తో నకలు దించడం పోయి స్కానింగు వచ్చింది. రోజుల తరబడి తిరిగే ఈ.సి. నిమిషాల్లో అచ్చై చేతికి వచ్చింది. మా గుమస్తాలలో చాలామందికి గుండె జారిన మాట నిజమే. నా మటుకు నాకు ఆశ్చర్యమైంది మాత్రం ఒక్కటే. ఇండెక్సు అని ప్రత్యేకంగా వ్రాసే పని లేదు. పార్టీల పేర్లు, ఆస్తి వివరాలు గళ్లలో నింపితే చాలు, ఇండెక్సు దానంతటదే తయారవుతుంది.

అయితే ఈ.సి.కి వెనకటి సంవత్సరాలు కూడా కావాలి గదా. 1983 నుంచి ఉన్న ఇండెక్సులను యంత్రంలోకి ఎక్కించారు. ఆన్‌లైన్‌లో ఈ.సి. వచ్చిన తరువాత కూడా 1983 జనవరి 1కి ముందు సంగతులకు కచేరి మెట్లెక్కవలసి రావడానికి కారణం ఇదే. మా కచేరిలో ఎక్కించడానికి కుర్రవాళ్లు వచ్చారు. చురుకైనవాళ్లు, రోజుకు వందల పద్దులు కొట్టేవారు. ఒక సాయంత్రం నాకు నా 1984 పద్దు గుర్తుకు వచ్చి, ఆ ఊరు కొట్టి చూశాను. లేదు. వాళ్లు గీతల మధ్య ఉన్నవన్నీ ఎక్కించారు, మార్జినులోని ఎర్ర సిరా వదిలేశారు. వాళ్ల తప్పు కాదు, మార్జిను చూడాలని ఎవరూ చెప్పలేదు.

నా తాకట్టు ఎప్పుడో తీరిపోయింది, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. కాని మార్జిను పద్దులు నావి ఒక్కటే కాదు గదా. మా సబ్‌రిజిస్ట్రారుగారి అనుమతితో, ఆఫీసు వేళలు అయ్యాక ఇరవై రోజులు కూర్చుని, 1983 నుంచి ప్రతి వాల్యూము మార్జినులూ చూశాను. యాభైకి పైగా దొరికాయి, ఎక్కించాం. చేతి ఇండెక్సులో అనుమానం వస్తే పక్క కాగితం చూస్తాము, పాత గుమస్తాను అడుగుతాము. యంత్రం అచ్చు వేసిన నిల్ అంత శుభ్రంగా ఉంటుందే, దాన్ని ఎవరు అనుమానిస్తారు?

మాటలను యంత్రం చేత ఏరించి పట్టిక కట్టించాలన్న ఆలోచన మన కార్డ్ కన్నా చాలా పాతది. ఇటలీలో రొబెర్తో బూసా అనే జెసూయిట్ ఫాదరు, సెయింట్ థామస్ అక్వినాస్ గ్రంథాల్లో ఏ మాట ఎక్కడున్నదో పట్టిక చేయాలని 1949లో ఐ.బి.ఎం. కంపెనీ వారిని ఒప్పించాడు. కోటి మాటలకు పైగా చిల్లుల కార్డుల మీద ఎక్కించి అచ్చు పూర్తిచేసేసరికి మూడు దశాబ్దాలు పట్టింది. 50వ దశకం చివర అదే కంపెనీలోని హాన్స్ పీటర్ లూన్ మరో ఉపాయం చేశాడు. వ్యాసాల శీర్షికల్లోని ప్రతి ముఖ్యమైన మాటనూ యంత్రం తనంతట తానే తలగా నిలబెట్టి, దాని ముందు వెనుకల మాటలతో సహా వరసలో పేరుస్తుంది. 1961 నుంచి రసాయన శాస్త్ర పత్రికల శీర్షికలను ఆ పద్ధతిలో అచ్చు వేశారు. అతి సాధారణమైన మాటలను మాత్రం తల చేయకుండా వదిలేయమని యంత్రానికి ముందే ఒక జాబితా ఇస్తారు. మన భాషలోనైతే "మరియు", "లేదా" ఆ జాబితాలో ఉంటాయి. మన ఫైళ్లు అన్నిటికీ తోకగా ఉండే "గురించి" కూడా.

మా మనవడి ప్రోగ్రాము చేసినది ఇదే పని. ముందు ప్రతి పేజీకి దానిలోని మాటల పట్టిక వేస్తుంది. తరువాత ఆ పట్టికను తిరగేసి, ప్రతి మాటకూ పేజీల పట్టిక చేస్తుంది. వరసలో పడ్డ దస్తావేజుల్లోంచి ఊళ్ల వారీగా మేము చేసినదీ ఆ తిరగవేతే. అది నూట నలభై పేజీలు కాఫీ తాగేలోగా చేసింది, అంతే తేడా అనుకున్నాను.

పరీక్షిద్దామని "పింఛను" అని కొట్టాను. ఇరవై పేజీలు వచ్చాయి. "పెన్షన్" అని కొడితే వేరే అరవై. ఒకే సంగతిని ఇద్దరు సభ్యులు రెండు రకాలుగా వ్రాశారు, యంత్రానికి అవి రెండు వేరు వేరు మాటలు. "పింఛనుకు", "పింఛనులో" కూడా వేరే. ఇంగ్లీషులో మాట చాలావరకు మారకుండా నిలబడుతుంది గాని, మన తెలుగులో విభక్తి వచ్చి మాటకు అతుక్కుపోతుంది, దాన్ని విడదీయడం యంత్రానికి నేర్పాలి. ఇంకొక చిత్రం. హెల్త్ కార్డు పేజీలు పది అసలు ఇండెక్సులో పడనే లేదు. కారణం ఏమంటే, వాటిని డి.టి.పి. షాపులో అను ఫాంటులో కొట్టించాం. కంటికి తెలుగే గాని లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మన షాపుల్లో పాత పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. స్కాను చేసి పెట్టిన జీ.వో.లు మరీ అన్యాయం. అవి యంత్రానికి వట్టి బొమ్మలు, ఒక్క మాట కూడా చదవలేదు. కార్డ్‌లో స్కాను చేసిన దస్తావేజు కూడా ఇంతే సుమా! పక్కన గళ్లలో మనిషి కొట్టినదే దానికి తెలిసింది.

ఇవన్నీ మా వాడు రెండు రోజుల్లో సరిచేశాడు. విభక్తులు కత్తిరించే ఏర్పాటు చేశాడు, అను పేజీలను మార్చాడు. ఇక అయిపోయిందనుకున్నాం.

ఆ వారంలోనే మన సభ్యులొకరు కాలధర్మం చెందారు. పదో రోజు కర్మకు వెళితే, ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్యగారూ, మీ కంప్యూటరులో చూశామండీ, మా అమ్మాయి చూసింది. ఏమీ రాలేదు. మాకేమీ రాదా?" అని అడిగింది. నాకు ఒక్కసారి చెమట పట్టింది. ఏం కొట్టారమ్మా అని అడిగాను. "భర్త చనిపోతే డబ్బులు" అని కొట్టిందట ఆ అమ్మాయి. మా పేజీల్లో ఎక్కడా "భర్త" లేడు, "చనిపోవడం" లేదు. "పెన్షనరు మరణానంతరం అర్హులైన కుటుంబ సభ్యులకు" అని ఉన్నది. ఆ పేజీ వ్రాసింది నేనే. ఆమెకు కుటుంబ పింఛను వస్తుందని అక్కడే చెప్పి, మర్నాడు ఫారాలు తీసుకెళ్లి నింపించాను.

యంత్రం పేజీల్లో ఉన్న ప్రతి మాటనూ పట్టింది, తప్పు పట్టడానికి లేదు. పేజీలో లేని మాటను అది ఎక్కడినుంచి తెస్తుంది? నకలులో లేకపోయినా చూసేవాడు ఏమని అడుగుతాడో ఆలోచించి, "ఫలానా చోట చూడుము" అని అడ్డ సూచన వ్రాయడం పాత రికార్డు గుమస్తాల అలవాటు. మళ్లీ ఆ పని మొదలుపెట్టాను. వంద పేజీల నోటుబుక్కు కొని, ఎడమవైపు జనం అనే మాట, కుడివైపు పేజీలో ఉన్న మాట వ్రాస్తున్నాను. భర్త పోతే – కుటుంబ పింఛను. బతికున్నట్టు కాగితం – జీవన ప్రమాణం. అమ్ముకున్న పింఛను – కమ్యుటేషను. వేలిముద్ర పడటం లేదు – జీవన ప్రమాణం, ఇతర మార్గాలు. ఆస్పత్రి కార్డు – హెల్త్ కార్డు. ఇప్పటికి రెండు వందల దాకా అయ్యాయి. మనవడు హైదరాబాదు నుంచి ఆదివారం ఫోనులో చదివించుకొని ఎక్కిస్తున్నాడు.

ఇది నా ఒక్కడి వల్ల తెమిలే పని కాదు. నా మాటలు గుమస్తా మాటలు. బందరులో అనే మాట గుడివాడలో అనరు, ఆడవాళ్లు అనే మాట మగవాళ్లకు తట్టదు. అందుచేత సభ్యులకు నా మనవి: ఈ సంచిక ఇంట్లో అందరి చేతా చదివించి, ఫలానా సంగతి కావాలంటే మీరు ఏ మాటతో వెదుకుతారో, ఎంత మొరటు మాటైనా సరే, ఒక కార్డు ముక్క మీద వ్రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. ముఖ్యంగా మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగి వ్రాయండి. నోటుబుక్కులో ఇంకా నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి.